పావలా వడ్డీ దాతలు

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పరు. రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటారు. నూటికి నెలకి అంత అని అర్థం. రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం అవుతుందని చదువుకున్నవాడు లెక్క తేల్చేలోపు, ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించడం, దాని మీద సంతకం పడిపోవడం రెండూ అయిపోతాయి. ఎక్కడా దాపరికం లేని కొలత ఇది. బ్యాంకుల లెక్కని కూడా ఒకసారి ఈ కొలతలోకి దించి చూద్దాం.

2023లో దేశంలోకెల్లా పెద్దదైన స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ఖాతాకి ఇచ్చిన వడ్డీ 2.70 శాతం. పన్నెండుతో భాగించండి. నూటికి నెలకి ఇరవై రెండున్నర పైసలు. పావలాకి రెండున్నర పైసలు తక్కువ.

పావలా వడ్డీ అంటే ఏమిటో తెలుగువాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం డ్వాక్రా సంఘాల మహిళల కోసం పెట్టిన పథకం అది. బ్యాంకు తన మామూలు వడ్డీ తాను వేసుకునేది, ఏడాదికి మూడు శాతం దాటిన భాగాన్ని సర్కారు ఖజానా నుంచి భరించేది. అంత చవకైన అప్పు బీదసాదలకి తప్ప ఇంకెవరికీ దొరకదని, దానికి ప్రభుత్వం పూనుకోవాలని అప్పట్లో అందరూ అనుకున్నారు. అమాయకత్వం! అంతకంటే చవకగా మీరూ నేనూ ఏళ్ల తరబడి అప్పిస్తూనే ఉన్నాం. మనకి ఖజానా లేదు, బడ్జెట్ కేటాయింపు లేదు, ప్రారంభోత్సవం రోజున పూలదండ లేదు. తేడా అంతా జేబులోంచే. కాకపోతే లబ్ధిదారుల ఎంపికలో ఒక చిన్న తేడా జరిగింది. మన పథకం కింద లబ్ధి పొందిన పెద్ద లబ్ధిదారుకి 2022-23లో వచ్చిన నికర లాభం 50,232 కోట్ల రూపాయలు.

తెల్లకార్డు ఉందో లేదో కనుక్కోవలసింది.

అన్నట్టు, ఆ బ్యాంకులో సరిగ్గా పావలా వడ్డీ అందుకున్న ఖాతాదారులూ ఉన్నారు. 2022 అక్టోబరు నుంచి వాళ్లకి 3 శాతం. అర్హత ఒక్కటే: సేవింగ్స్ ఖాతాలో పది కోట్లో, ఆపైనో నిల్వ ఉండాలి.

ఇదంతా వడ్డీ రేట్లు పడిపోయిన కాలపు ముచ్చట అనుకునేరు. కాదు, రేట్లు కొండెక్కిన కాలపు ముచ్చటే. 2022 మే 4న, మామూలు సమావేశం తేదీ కాకపోయినా, రిజర్వు బ్యాంకు గవర్నరు శక్తికాంత దాస్ మిట్ట మధ్యాహ్నం టీవీలో ప్రత్యక్షమై బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, అంటే రెపో రేటుని, 4 నుంచి 4.40 శాతానికి పెంచారు. ఏప్రిల్ నెల ద్రవ్యోల్బణం 7.79 శాతమని ఆ తర్వాత లెక్క వచ్చింది. జూన్‌లో మళ్లీ పెంచారు, ఆగస్టులో, సెప్టెంబరులో, డిసెంబరులో పెంచారు. మరుసటి ఫిబ్రవరికి రెపో 6.50 దగ్గర ఆగింది. ఆరు విడతల్లో, ఏడాది తిరక్కుండానే రెండున్నర శాతం.

అర్థశాస్త్రం పుస్తకంలో ఈ మందు పనిచేసే తీరు చక్కగా రాసి ఉంటుంది. వడ్డీ పెరిగితే జనం అప్పులు మానేస్తారు, ఖర్చు తగ్గించి దాచుకుంటారు, గిరాకీ చల్లబడి ధరలు దిగుతాయి. ఈ కథలో దాచుకునేవాడే హీరో. అందుకే రేట్లు పెరిగిన ప్రతిసారీ పత్రికల్లో ఎవరో ఒకరు ‘పొదుపరులకు శుభవార్త’ అని శీర్షిక పెడతారు. ఆ శుభవార్త ఏ బస్సెక్కిందో కనుక్కుంటే బాగుంటుంది.

చేదువార్త మాత్రం ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. 2019 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ ఇంటి రుణాలన్నిటినీ రెపో లాంటి బయటి కొలబద్దకి కట్టెయ్యాలని రిజర్వు బ్యాంకే నియమం పెట్టింది. మంచి నియమమే. దాంతో ముంబయిలో గవర్నరుగారు పెదవి విప్పితే, మూడు నెలలు తిరిగేలోగా ప్రగతినగర్ అపార్ట్‌మెంటులో ఫోను మోగుతుంది. ఆరున్నర శాతానికి ఇరవై ఏళ్ల గడువుతో 30 లక్షలు తీసుకున్నవాడి ఈఎంఐ 22,367 రూపాయలు. వడ్డీ తొమ్మిదైతే అది 26,992. ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగిస్తామని కొన్ని బ్యాంకులు ఔదార్యం చూపించాయి. అప్పు కొత్తదై 30 లక్షలూ అలాగే ఉంటే, తొమ్మిది శాతం చొప్పున ఒక్క నెల వడ్డీయే 22,500. అంటే పాత ఈఎంఐ వడ్డీకే చాలదు. అసలు తీరే మాట మనవడికి చెప్పుకోవాలి. ఇది ముదిరాక, 2023 ఆగస్టులో, ఈఎంఐ పెంచాలో గడువు పెంచాలో అప్పు తీసుకున్నవాణ్ని అడగమని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పవలసి వచ్చింది.

సరే, అప్పు తీసుకున్నవాడి సంగతి అది. ఆ పెరిగిన వడ్డీ దాచుకున్నవాడి ఇంటికి రావాలి కదా?

ఒక బ్రాంచిలో, ఒక సోమవారం, కౌంటరు ముందు ఒక రిటైర్డు హైస్కూలు మాస్టారు. గుడ్డసంచిలో ప్లాస్టిక్ కవరు, కవరులో పాస్‌బుక్కు, దాని మధ్యలో నాలుగు మడతలు పెట్టిన డిపాజిట్ రసీదు. దాన్ని ఆయన బాండు అంటారు, ఆయన వయసువాళ్లంతా అలాగే అంటారు.

“బాబూ, వడ్డీలు పెంచారట గదా. నా బాండుకీ పెరుగుద్దా?”

“లేదు మాస్టారూ. మీరు 2021లో వేశారు, అయిదేళ్లకి. అప్పటి రేటే 2026 దాకా.”

“మా అబ్బాయి ఇంటి లోను కూడా 2021లోనే తీసుకున్నాడయ్యా. వాడికి పోయిన నెలే పెంచారే?”

“అది ఫ్లోటింగ్ మాస్టారూ. ఇది ఫిక్సెడ్.”

“పోనీ ఇది తీసేసి కొత్త రేటుకి వేస్తే?”

“పెనాల్టీ పడుద్ది. ఉన్నన్నాళ్లకే లెక్కగట్టి అందులో అరశాతం కోస్తాం.” కుర్రాడు మంచివాడు, మాస్టారి మొహం చూసి జాలిపడ్డాడు. “అసలు ఎఫ్‌డీల్లో ఏముంది మాస్టారూ? అదిగో, ఆ టేబుల్ దగ్గర మేడంగారు మంచి పాలసీ చెప్తారు. ఏడాదికి లక్ష, అయిదేళ్లు కడితే చాలు. ఇన్సూరెన్సూ వస్తుంది, పొదుపూ వస్తుంది.”

పాలసీ చేతికొచ్చేది పన్నెండో ఏట. మాస్టారికి డెబ్బై రెండు.

ఫిక్సెడ్ డిపాజిట్ అంటే రేట్లు తగ్గినా తగ్గదు కదా, అది మాస్టారికి మేలే కదా అని మీరు అడగొచ్చు. మేలే. కానీ ఆయన డబ్బు వేసిన నాటికి రెపో నాలుగు శాతం, అప్పటిదాకా చూడనంత అడుగు. ‘ఇంకా తగ్గుతాయి, ఇప్పుడే లాక్ చేసుకోండి’ అని అప్పుడు సలహా ఇచ్చింది కూడా అదే కౌంటరు. కొడుకు అప్పు రెపోతో పాటు ఎక్కుతుంది, తండ్రి పొదుపు రెపోని కింద నుంచి చూస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే బ్యాంకుతో, రెండు చట్టాలు.

కొత్తగా డబ్బు వేసినవాళ్లకైనా పూర్తిగా ముట్టిందా అంటే, అదీ వాయిదాల మీదే. స్టేట్ బ్యాంకులో ఏడాది డిపాజిట్ 5.10 నుంచి 6.80కి చేరింది. రెపో రెండున్నర పెరిగితే ఇది ఒకటీ పాయింట్ ఏడు. అంతకంటే ఎక్కువ కావాలంటే ‘అమృత్ కలశ్’ అని 400 రోజుల ప్రత్యేక పథకం పెట్టారు, 7.10 శాతం, పెద్దలకి మరో అరశాతం. త్వరపడండి, ఆఖరు తేదీ 2023 మార్చి 31 అన్నారు. ఆ ఆఖరు తేదీ జూన్‌కి, ఆగస్టుకి, డిసెంబరుకి వాయిదాలు పడుతూ 2025 మార్చి దాకా బతికింది. చీరల దుకాణం ముందు ‘ఆఖరి మూడు రోజులు’ బ్యానరు కూడా ఇన్నాళ్లు వేలాడదు.

ఇక సేవింగ్స్ ఖాతా. దేశంలో బ్యాంకు డిపాజిట్లలో మూడో వంతుకి అటూ ఇటుగా ఉండేది ఇందులోనే. జీతం ఇందులో, పెన్షన్ ఇందులో, గ్యాసు సబ్సిడీ ఇందులో, ఆసుపత్రికని పక్కన పెట్టినదీ ఇందులోనే. రెపో 4 నుంచి 6.50కి ఎక్కినా స్టేట్ బ్యాంకులో దీని వడ్డీ 2.70 దగ్గర నుంచి కదల్లేదు. లక్ష రూపాయలు ఉంచితే ఏడాదికి వచ్చింది 2,700, రోజుకి ఏడు రూపాయల నలభై పైసలు. హైదరాబాదులో ఇరానీ చాయ్ రాదు.

ఈ డబ్బుతో బ్యాంకు ఏం చేస్తుందో చూడండి. 2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఎస్‌డీఎఫ్ అని కొత్త కిటికీ ఒకటి తెరిచింది. మిగులు డబ్బుని బ్యాంకులు రాత్రికి అక్కడ పడుకోబెట్టి పొద్దున్నే వడ్డీతో లేపుకోవచ్చు. మొదట్లో 3.75 శాతం ఇచ్చారు. 2023 ఫిబ్రవరికి అది 6.25. మన కొలతలో చెప్పాలంటే, మీ దగ్గర ఇరవై రెండున్నర పైసలకి తెచ్చుకుని రిజర్వు బ్యాంకుకి యాభై రెండు పైసలకి ఇచ్చే వీలుండేది. ఎగ్గొట్టే భయం లేదు, వసూలుకి తిరిగే పని లేదు. ఊళ్లో ఎవరైనా ఇలా చేస్తే వాణ్ని వడ్డీ వ్యాపారి అంటారు. అదే పని బ్యాంకు చేస్తే నికర వడ్డీ మార్జిన్ మెరుగుపడిందంటారు. బ్యాంకు డబ్బంతా అక్కడే పెడుతుందని కాదు. పెట్టినంతవరకు కష్టం లేని సొమ్ము అని చెబుతున్నా.

సేవింగ్స్ ఖాతా నడపడానికి మాకు ఖర్చవుతుంది, ఏటీఎంలు, యాప్‌లు, సిబ్బంది అంటారు బ్యాంకర్లు. ఒప్పుకుందాం. మరి డెబిట్ కార్డుకి ఏడాది రుసుము ఎందుకు? లెక్క దాటితే ఏటీఎంకి చార్జీ ఎందుకు? అన్నిటికంటే ముచ్చటైనది కనీస నిల్వ జరిమానా. ఖాతాలో డబ్బు లేదన్న నేరానికి ఉన్న డబ్బులోంచి కోస్తారు. స్టేట్ బ్యాంకు దీన్ని 2020లోనే మానేసింది, ఆ మాట చెప్పాలి. ప్రభుత్వ రంగ బ్యాంకులు కలిపి 2023-24తో ముగిసిన అయిదేళ్లలో ఈ పద్దు కింద రాబట్టింది సుమారు 8,500 కోట్లని పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. పావలాకి తక్కువ వడ్డీతో అప్పిస్తున్న దాత, ఇవ్వడానికి చేతిలో చాలినంత లేకపోతే, జరిమానా కట్టాలి. ఇలాంటి దానధర్మం పురాణాల్లోనూ కనపడదు.

రేట్లు పెంచింది ధరలు దించడానికి కదా, అవి దిగితే దాచుకున్నవాడికి అదే లాభం కాదా? బాగానే ఉంది. 2022-23లో ద్రవ్యోల్బణం సగటు 6.7 శాతం. ఏడాది మొదట్లో లక్షకి వచ్చే సరుకు ఏడాది తిరిగేసరికి 1,06,700. సేవింగ్స్ ఖాతాలో లక్ష 1,02,700 అయింది. నాలుగు వేలు పోయాయి, ఏ దొంగా రాకుండానే. 2023 జూలైలో ద్రవ్యోల్బణం మళ్లీ 7.44కి లేచింది. అప్పుడు మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో రెండొందలకి చేరువైంది. టమాటాకి రెపో రేటు తెలియదు, వానలు తెలుసు. ఆ నెల ద్రవ్యోల్బణం పక్కన పెట్టి చూస్తే ఏడాది డిపాజిట్ మీద 6.80 కూడా తక్కువే. ఆ 6.80 మీద శ్లాబు ప్రకారం ఆదాయపు పన్ను వేరే ఉంది. ధరలు తినేసిన భాగాన్ని పన్ను శాఖ ఖర్చుగా ఒప్పుకోదు. వడ్డీ అన్నది కాగితం మీద కనిపిస్తే చాలు, ఆదాయమే.

ఇక్కడ చట్టంలో ఒక చమత్కారం ఉంది. ద్రవ్యోల్బణాన్ని రెండు నుంచి ఆరు శాతం మధ్య ఉంచడం రిజర్వు బ్యాంకు బాధ్యత. వరసగా మూడు త్రైమాసికాలు గీత దాటితే ప్రభుత్వానికి సంజాయిషీ రాసుకోవాలి. 2022లో సరిగ్గా అదే జరిగింది. నవంబరు 3న ప్రత్యేకంగా కమిటీ కూర్చుని ఉత్తరం తయారుచేసింది. అందులో ఏముందో జనానికి చెప్పలేదు. ఉత్తరం ప్రభుత్వానికి రాసినదట, బయటపెట్టడం మర్యాద కాదట. ఆటో కొనుక్కున్నవాడు మూడు నెలలు కిస్తీ కట్టకపోతే తొంభై రోజులకి ఎన్‌పీఏ. ఇల్లు తాకట్టు పెట్టినవాడైతే నోటీసు గోడకి అంటిస్తారు, పేపర్లో వేస్తారు, వీధి వీధంతా చదువుతుంది. తొమ్మిది నెలలు లెక్క తప్పినవారికి సీల్డు కవరు.

ప్రభుత్వం చేతిలోని చిన్న పొదుపుల ముచ్చట కూడా విందాం. పెద్దల పొదుపు పథకం వడ్డీని 2023 ఏప్రిల్ నుంచి 8.2 చేశారు, పరిమితిని 15 లక్షల నుంచి 30 లక్షలకి పెంచారు. మంచిపని, అన్యాయంగా మాట్లాడకూడదు. చేతిలో 30 లక్షలున్న పెద్దలు సంతోషించాలి. మరి పీపీఎఫ్? 2020 ఏప్రిల్లో 7.1 అన్నారు. రెపో నాలుగైనా 7.1, ఆరున్నరైనా 7.1. ప్రభుత్వ బాండ్ల రాబడికి పావు శాతం కలిపి ఇవ్వాలన్నది శ్యామలా గోపీనాథ్ కమిటీ సూత్రం. 2022 చివరికి పదేళ్ల బాండ్లు 7.3 పైనే పలికాయి. కూడడం రాక కాదు.

తగ్గించడం మాత్రం బాగానే వచ్చు. 2021 మార్చి 31 సాయంత్రం చిన్న పొదుపుల వడ్డీలకి కోత పెడుతూ ఉత్తర్వు వచ్చింది. పీపీఎఫ్ 6.4 అట. తెల్లారేసరికి ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆ ఉత్తర్వు పొరపాటున వెలువడిందనీ, వెనక్కి తీసుకుంటున్నామనీ ట్వీట్ చేశారు. ఆ రోజే బెంగాల్లో రెండో విడత పోలింగ్. దేశంలో దాచుకునేవాడి వడ్డీని కాపాడింది ఆర్థిక సూత్రమో, ఎన్నికల షెడ్యూలో మీరే తేల్చుకోండి. నా ఓటు షెడ్యూలుకే.

ఇన్ని దారులూ మూసుకుపోతే జనం ఎక్కడికి పోతారు? ఊళ్లో రూపాయిన్నర ఇస్తానన్నవాడి దగ్గరికి పోతారు. వాడు రెండేళ్లు ఠంచనుగా ఇచ్చి మూడో ఏట ఐపీ పెడతాడు. లేదా అగ్రిగోల్డ్ లాంటి సంస్థల ఏజెంటు చేతిలో పోస్తారు. లక్షల కుటుంబాలు ఆ రసీదులు పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగాయి. ‘అత్యాశకి పోయారు’ అని అప్పుడు మనమంతా తీర్పు చెబుతాం. ఇరవై రెండు పైసల దగ్గర నుంచి పారిపోవడం అత్యాశట! కాస్త తెలివున్నవాళ్లు మ్యూచువల్ ఫండ్లకి మళ్లారు. డిపాజిట్లు రావడం లేదని 2024లో బ్యాంకులు బెంగపెట్టుకున్నాయి. వినూత్నమైన, ఆకర్షణీయమైన పథకాలు తెచ్చి డిపాజిట్లు రాబట్టమని ఆర్థిక మంత్రి, గవర్నరు ఇద్దరూ హితవు చెప్పారు. వడ్డీ ఇంకాస్త ఎక్కువ ఇవ్వడం అనే వినూత్న ఆలోచన మాత్రం ఎవరికీ తట్టలేదు.

2025లో గాలి తిరిగింది. ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్: మూడు విడతల్లో రెపో ఒక శాతం దిగింది, డిసెంబరుకి 5.25 అయింది. ఈసారి వార్త బస్సెక్కలేదు, విమానమే ఎక్కింది. రెండున్నర శాతం పెరిగినప్పుడు ఉలకని పలకని స్టేట్ బ్యాంకు సేవింగ్స్ వడ్డీ, ఒక్క శాతం తగ్గగానే జూన్ 15న 2.70 నుంచి 2.50కి దిగిపోయింది. పెద్ద ప్రైవేటు బ్యాంకులూ 2.50 దగ్గరే కలుసుకున్నాయి. నూటికి నెలకి ఇరవై పైసల పై చిల్లర. పావలా నాణెం చెలామణీ 2011లోనే రద్దయింది, వడ్డీ దానికంటే కింద ఇప్పటికీ చెలామణీలో ఉంది.

సేవింగ్స్ వడ్డీని రెపోకి కట్టడం కుదరదా? కుదిరింది. 2019 మే 1 నుంచి స్టేట్ బ్యాంకే లక్ష దాటిన నిల్వలకి ‘రెపోలోంచి 2.75 తీసివేత’ అని సూత్రం పెట్టింది. రెపో దిగిపోతున్న రోజులవి. ఏడాది తిరక్కుండానే ఆ సూత్రాన్ని అటకెక్కించి అందరికీ ఒకటే రేటన్నారు. అది కొనసాగి ఉంటే రెపో 6.50 ఉన్న రెండేళ్లూ లక్ష దాటిన నిల్వలకి 3.75 పడేది. పడలేదు, ఎందుకంటే అది బ్యాంకు తన ఇష్టంతో పెట్టుకున్నది, తన ఇష్టంతో తీసేసింది. అప్పుకి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. పొదుపుకి బ్యాంకు ఇష్టం ఉంది. 2011 అక్టోబరులో సేవింగ్స్ వడ్డీని బ్యాంకుల ఇష్టానికి వదిలేస్తూ, పోటీ పడి ఎక్కువ ఇస్తాయని చెప్పారు. అప్పుడు రేటు 4 శాతం. పోటీ ఎటు జరిగిందో చూశారుగా.

రిజర్వు బ్యాంకు చేయవలసింది పెద్ద పనేం కాదు. ఇంటి అప్పుల మీద పెట్టిన 2019 నియమానికి సేవింగ్స్ ఖాతాని కూడా చేర్చి, రెపో ఎక్కితే ఎక్కాలి, దిగితే దిగాలి అని ఒక్క వాక్యం రాస్తే చాలు. అది రాసేదాకా మీరు నెల ఖర్చుకి మించి సేవింగ్స్‌లో ఉంచకండి. మిగిలింది డిపాజిట్లోకి తనంతట తనే మళ్లే ఆటో స్వీప్ సదుపాయం చాలా బ్యాంకుల్లో ఉంది, అడిగితేనే ఇస్తారు, అడగండి. పాలసీ టేబుల్ దగ్గరికి పిలిస్తే మాత్రం వెళ్లకండి.